డచ్ వాక్యానికి పెరటి దారి

నెదర్లాండ్స్ ఊళ్లలో వీధి వెంట నడుస్తుంటే ఇళ్ల కిటికీ అద్దాల మీద ఒక చిన్న చీటీ తరచూ కనిపిస్తుంది: 'హీర్ ఖేన్ ఫీత్సన్ ప్లాత్సన్'. హీర్ అంటే ఇక్కడ, ఫీత్సన్ అంటే సైకిళ్లు, ప్లాత్సన్ అంటే పెట్టడం. మధ్యలో ఉన్న ఖేన్ కాదనే మాట. ఇక్కడ సైకిళ్లు పెట్టరాదు. మాట వెనక మాట వేసుకుంటూ పోతే తెలుగు వాక్యం దానంతటదే తయారవుతుంది. క్రియ చివర్న, మనకు అలవాటైన చోటే కూర్చుంటుంది. అదే రోజు సాయంత్రం డచ్ క్లాసుకు వెళ్తే మొదటి వారంలో చెప్పే మొదటి సూత్రం వేరు: వాక్యంలో క్రియది రెండో స్థానం. చీటీ చెప్పేదీ నిజమే, పుస్తకం చెప్పేదీ నిజమే. ఈ రెండూ ఎక్కడ కలుస్తాయన్నదే డచ్ వ్యాకరణంలో అసలు ప్రశ్న. వ్యాకరణవేత్తలు దాని మీద యాభై ఏళ్లకు పైగా వాదించుకుంటున్నారు. దానికి దొరికిన జవాబు ఇంగ్లిష్ వాళ్లకన్నా తెలుగువాళ్లకే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

డచ్ మాటల్ని తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను కాబట్టి ఉచ్చారణ గురించి ముందే ఒక మాట. నేను 'ఖ' అని రాసినచోట గొంతులో ఒరుసుకుంటూ వచ్చే శబ్దం వినాలి. ఉర్దూ 'ఖబర్'లోని ఖకారం హైదరాబాదు వాళ్లకు తెలుసు, దానికి దగ్గరగా ఉంటుంది. ప, త, క లను డచ్ వాళ్లు మనలాగే ఊపిరి ఒత్తు లేకుండా పలుకుతారు. ఇంగ్లిష్ అలవాటుతో వాటిని ఒత్తి పలికితే వాళ్ల చెవికి పరాయిగా వినిపిస్తుంది. వాళ్ల తకారానికి 'ట' బదులు 'త' వాడుతున్నాను. మాట చివర బ, ద వస్తే అవి ప, త అవుతాయి. పిల్ల అనే మాటను రాయడం దకారంతో రాసినా పలకడం 'కింత్' అనే పలుకుతారు.

డచ్ మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు రెండున్నర కోట్ల మంది. నెదర్లాండ్స్‌తో పాటు బెల్జియం ఉత్తర భాగమైన ఫ్లాండర్స్‌లో, దక్షిణ అమెరికాలోని సురినామ్‌లో అది అధికార భాష. 1980లో నెదర్లాండ్స్, బెల్జియం ఒప్పందం చేసుకుని భాష కోసం ఒక ఉమ్మడి సంస్థ పెట్టుకున్నాయి. 2004లో సురినామ్ దానిలో అనుబంధ సభ్యురాలైంది. తెలుగు తీరానికి ఈ భాష కొత్తదేమీ కాదు. 17వ శతాబ్దం మొదటి పదేళ్లలోనే డచ్ ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. తర్వాత పాలకొల్లు, భీమునిపట్నం కూడా వాళ్ల లెక్కల పుస్తకాల్లోకి ఎక్కాయి. ఇక్కడ కంపెనీ కొలువు చేసి వెళ్లిన దానియేల్ హావార్త్ కోరమాండల్ తీరంలో కంపెనీ ఎలా ఎదిగిందో, ఎలా దిగజారిందో 1693లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుస్తకంగా అచ్చు వేయించాడు. ఇప్పుడు ప్రయాణం ఎదురు దిక్కున సాగుతోంది. ఐండ్‌హోవెన్ చుట్టుపక్కల చిప్ యంత్రాల పనికి, ఆమ్‌స్టల్‌వేన్‌లో సాఫ్ట్‌వేర్ పనికి వెళ్లిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆఫీసులో ఇంగ్లిష్‌తో గడిచిపోతుంది. పిల్లల బడి నుంచి ఉత్తరం వచ్చినప్పుడు, పౌరసత్వానికి పరీక్ష రాయాల్సి వచ్చినప్పుడు డచ్ తప్పదు. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, పరీక్ష తప్పనిసరైన వలసదారులకు పాత ఏ2 స్థాయి బదులు అంతకన్నా పైదైన బీ1 స్థాయిని లక్ష్యంగా పెట్టింది.

వీళ్లంతా డచ్‌ను ఇంగ్లిష్ మీదుగా నేర్చుకుంటారు. పుస్తకాలు అలాగే ఉన్నాయి, యాప్‌లూ అలాగే ఉన్నాయి. రెండు భాషలకూ మూలం ఒకటే, మాటలు పోలినట్టుంటాయి, కాబట్టి ఇంగ్లిష్‌లో అనుకున్నదాన్నే డచ్ మాటలతో నింపితే సరిపోతుందని తోస్తుంది. మాటల వరకు అది నిజమే. వాక్యం దగ్గర మాత్రం ఆ దారి గోడకు తగులుతుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనవాళ్లు ఊరికే అనలేదు. ఇంట్లో మాట్లాడే తెలుగు ఇక్కడ ఉపయోగపడుతుందని ఎవరికీ తట్టదు.

ముందు రెండో స్థానం సంగతి. 'ఇక్ ఖా మోర్ఖన్ మెత్ ద త్రెయ్‌న్ నార్ ఉట్రెక్ట్.' ఇక్ నేను, ఖా వెళ్తాను, మోర్ఖన్ రేపు, మెత్ ద త్రెయ్‌న్ రైల్లో, నార్ ఉట్రెక్ట్ ఉట్రెక్ట్‌కి. ఇంతవరకు ఇంగ్లిష్‌లాగే ఉందనిపిస్తుంది. రేపు అనే మాటను ముందుకు తెస్తే తేడా బయటపడుతుంది: 'మోర్ఖన్ ఖా ఇక్ మెత్ ద త్రెయ్‌న్ నార్ ఉట్రెక్ట్.' మొదటి చోటును 'రేపు' ఆక్రమించింది కాబట్టి 'నేను' క్రియ వెనక్కి తప్పుకుంది. క్రియ మాత్రం కదల్లేదు. ఇంగ్లిష్ అలవాటున్నవాళ్లు ఇక్కడ 'మోర్ఖన్ ఇక్ ఖా' అంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్లలో అంతగా వినిపించే తప్పు ఇంకొకటి లేదు. మొదటి చోట ఏముండాలన్నది చెప్పేవాడి ఇష్టం. కాలం, స్థలం, కర్మ, ఒక్కోసారి ఒక పూర్తి ఉపవాక్యం కూడా అక్కడ కూర్చోవచ్చు. 'అల్స్ హెత్ రేఖన్త్, బ్లెయ్‌ఫ్ ఇక్ తౌస్' అంటే 'వాన కురిస్తే ఇంట్లోనే ఉంటాను' అని. 'వాన కురిస్తే' అన్నదంతా కలిసి ఒక్క స్థానం కింద లెక్క. అందుకే ఆ వెంటనే 'బ్లెయ్‌ఫ్' అనే క్రియ, ఆ తర్వాతే 'నేను' వస్తాయి. రెండో స్థానం అంటే రెండో మాట కాదు, రెండో గది. మొదటి గదిలో ఎంతమంది ఉన్నా అది ఒక గదే. డచ్ కంపెనీ కాలపు సమాధి రాళ్ల మీద తరచూ కనిపించే తొలి మాటలకు కూడా ఇదే పద్ధతి: 'ఇక్కడ' ముందు, 'ఉన్నాడు' తర్వాత, ఆ పైన పోయినవాడి పేరు.

ఈ రెండో గదిలోకి వచ్చేది క్రియ మొత్తం కాదు. కర్తను బట్టీ కాలాన్ని బట్టీ రూపం మారే ముక్క ఒక్కటే ముందుకు వస్తుంది. మిగిలినదంతా చివర్నే ఉండిపోతుంది. 'ఇక్ హెప్ ఖిస్తరన్ ఒప్ ద మార్క్త్ వెర్స విస్ ఖకోఖ్త్' అంటే నిన్న సంతలో తాజా చేపలు కొన్నాను అని. 'హెప్' అనే సహాయక క్రియ రెండో చోట, కొనడం అనే అసలు పని చెప్పే 'ఖకోఖ్త్' చిట్టచివర. నిన్న, సంతలో, తాజా చేపలు మధ్యలో ఇరుక్కుపోతాయి. డచ్ వ్యాకరణాలు దీన్ని పట్టకారు నిర్మాణం అంటాయి. పేరు సరిగ్గా కుదిరింది. రెండు చువ్వల మధ్య పట్టుకున్న వస్తువులాగే వాక్యంలోని సమాచారమంతా క్రియ రెండు ముక్కల మధ్య ఉంటుంది. విడిపోయే క్రియల్లో ఇది మరీ స్పష్టం. ఫోన్ చేయడం అనే క్రియ 'ఒప్‌బెల్లన్'. 'ఇక్ బెల్ మెయ్‌న్ మూదర్ వనావొంత్ ఒప్' అంటే ఈ సాయంత్రం మా అమ్మకు ఫోన్ చేస్తాను అని. బెల్ ముందుకు వెళ్లింది, ఒప్ వెనకే మిగిలింది. వాక్యం చివరిదాకా వినకుండా అర్థం తేల్చుకోకూడదన్నది డచ్ చెవికి పుట్టుకతో వచ్చే అలవాటు. తెలుగు చెవికీ అంతే. 'నేను ఆయన్ని రేపు ఇంటికి' దాకా విని ఆగితే మనకు మాత్రం ఏం తెలుస్తుంది? రమ్మన్నానో, రావద్దన్నానో చివరి మాటే చెప్పాలి.

ఇక ఉపవాక్యం దగ్గరికి వస్తే పట్టకారు పూర్తిగా మూసుకుంటుంది. కారణం చెప్పడానికి డచ్‌లో రెండు మాటలున్నాయి, వంత్, ఒమ్‌దత్. 'వంత్ ఇక్ బెన్ జీక్' అన్నా 'ఒమ్‌దత్ ఇక్ జీక్ బెన్' అన్నా ఒంట్లో బాగాలేదు కాబట్టి అనే అర్థం. జీక్ అంటే జబ్బుగా, బెన్ అంటే ఉన్నాను. వంత్ రెండు స్వతంత్ర వాక్యాల్ని కలుపుతుంది కాబట్టి క్రియ రెండో చోటే ఉంటుంది. ఒమ్‌దత్ ఉపవాక్యాన్ని తెస్తుంది కాబట్టి క్రియ చివరికి పోతుంది. అనే, అయితే, ఎప్పుడైతే వంటి అర్థాలున్న మాటలన్నీ ఒమ్‌దత్ దారిలోనే నడుస్తాయి. ఇంగ్లిష్ మీదుగా వచ్చే పుస్తకాలు ఈ పాఠాన్ని వాయిదా వేసి వేసి ఏ పదో అధ్యాయంలోనో పెడతాయి. అక్కడ క్రియను చివరికి 'తన్నేయాలి' అన్నట్టుగా ఒక కష్టమైన మినహాయింపులా చెబుతాయి. నా ఫిర్యాదు ఇక్కడే. అది మినహాయింపు కాదు. క్రియ సొంత ఇల్లు అదే.

ఇది నా మాట ఒక్కటే కాదు. 1975లో యాన్ కోస్తర్ అనే భాషాశాస్త్రజ్ఞుడు డచ్ మూలంలో కర్త-కర్మ-క్రియ వరస గల భాషేనని ఒక వ్యాసంలో వాదించాడు. ఆయన వాదనలో గట్టి సాక్ష్యం విడిపోయే క్రియలే. 'ఒప్' ఎప్పుడూ చివర్నే ఉంటుంది. ఉపవాక్యంలో 'ఒప్‌బెల్' రెండూ కలిసి చివర్న ఉంటాయి. ప్రధాన వాక్యంలో బెల్ మాత్రం ముందుకు వెళ్తుంది. క్రియ పుట్టిల్లు చివర అనుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది: ఇంట్లోంచి ఒకరు బయటికి వెళ్లారు, ఇంకొకరు ఇంట్లోనే ఉన్నారు. పుట్టిల్లు రెండో చోటనుకుంటే, ఒప్ ఎందుకు అంత దూరం పారిపోయిందో చెప్పడానికి లేని నియమాల్ని కల్పించాలి. రెండో స్థానానికి వెళ్లడం అన్నది ప్రధాన వాక్యంలో మాత్రమే జరిగే కదలిక అన్న ఈ వివరణే తర్వాతి కాలపు పరిశోధనకు పునాది అయింది. ఎదురు వాదన లేకపోలేదు. 1990లలో ఖ్రోనింగన్ విశ్వవిద్యాలయంలో యాన్-వౌతర్ జ్వార్త్, అన్ని భాషల్లాగే డచ్ అడుగున కూడా కర్మ క్రియ వెనకే ఉంటుందని, అక్కడి నుంచి ముందుకు వస్తుందని సిద్ధాంతీకరించాడు. ప్రపంచ భాషల వర్గీకరణ చేసేవాళ్లయితే ఏ పక్షమూ తీసుకోక, డచ్‌కు ఒకే ప్రధాన వరస లేదని రాసుకుంటారు. సిద్ధాంతం తేలేదాకా నేర్చుకునేవాళ్లు ఆగనక్కర్లేదు. బోధనకు కోస్తర్ చూపే బాగా పనికొస్తుందన్నది నా తీర్పు.

దానికి పిల్లలే సాక్ష్యం. రెండేళ్ల డచ్ పిల్లలు కాలం, పురుష చూపించే క్రియలు ఇంకా రానప్పుడు 'బూక్ లేజన్' అంటారు. పుస్తకం చదవడం. క్రియను మారని రూపంలో, చివర్న పెడతారు. రెండో స్థానం తర్వాత వస్తుంది. పెద్దవాళ్లకైనా కర్తతో పని లేని చోట అదే వరస. తలుపు మూయాలి, ఇక్కడ పొగ తాగరాదు అనే బోర్డుల్లో, ఉల్లిపాయ తరగడం, వెన్న కరిగించడం అని సాగే వంట పుస్తకాల్లో క్రియ చివర్నే ఉంటుంది. సైకిళ్ల చీటీ కూడా ఆ కుటుంబానిదే.

ఇప్పుడు ఆ ఉట్రెక్ట్ వాక్యాన్ని ఉపవాక్యంగా మార్చి చూడండి: 'దత్ ఇక్ మోర్ఖన్ మెత్ ద త్రెయ్‌న్ నార్ ఉట్రెక్ట్ ఖా.' నేను రేపు రైల్లో ఉట్రెక్ట్‌కి వెళ్తానని. ముందు కాలం, తర్వాత ఎలా వెళ్తామన్నది, తర్వాత ఎక్కడికన్నది, చివర క్రియ. మనం తెలుగులో మామూలుగా చెప్పే వరస అచ్చంగా ఇదే. ఇంగ్లిష్‌లో ఇది సరిగ్గా తిరగబడి ఉంటుంది, అక్కడ ఊరు ముందు, రైలు తర్వాత, రేపు ఆఖరు. డచ్ పుస్తకాల్లో 'కాలం-రీతి-స్థలం' అని బట్టీ పట్టించే సూత్రాన్ని తెలుగువాళ్లు బట్టీ పట్టాల్సిన అవసరమే లేదు. తెలుగులో ఆలోచించి మాటలు మారిస్తే చాలు. తేడా ఒకే చోట ఉంది. మనం 'అని'ని చివర పెడతాం. డచ్ దాని జోడీ అయిన 'దత్'ను మొదట పెడుతుంది. అంటే ఉపవాక్యం తలుపు వాళ్లకు వీధి వైపు, మనకు పెరటి వైపు. లోపలి గదులు మాత్రం ఒకే వరసలో ఉన్నాయి.

అయితే ఈ లాభానికి నష్టం కూడా ఉంది. తెలుగులాగే క్రియను చివర పెట్టే భాష టర్కిష్. 1981లో యాన్సన్, లాలమన్, మౌస్కన్ అనే ముగ్గురు పరిశోధకులు నెదర్లాండ్స్‌లోని టర్కీ, మొరాకో కార్మికుల డచ్‌ను పోల్చి చూశారు. మొరాకో వాళ్ల మాతృభాషల్లో క్రియ కర్మకు ముందుంటుంది. వాళ్లు డచ్ మాట్లాడినా అటువైపే మొగ్గారు. టర్కీ వాళ్లు ప్రధాన వాక్యంలో కూడా క్రియను చివర పెట్టడానికి మొగ్గారు. డచ్‌లో రెండు వరసలూ వినిపిస్తాయి కాబట్టి ఎవరికి వాళ్లు తమ భాషకు దగ్గరైనదాన్ని ఏరుకున్నారన్నమాట. తెలుగువాళ్లు ఇంగ్లిష్‌ను పక్కన పెట్టి నేరుగా వస్తే టర్కీ వాళ్ల తప్పే చేస్తారు: 'ఇక్ మోర్ఖన్ నార్ ఉట్రెక్ట్ ఖా' అనేస్తారు. అది సవరించుకోదగిన తప్పు. ముక్క ఒకటి తీసి రెండో గదిలో పెట్టాలని గుర్తుంచుకుంటే చాలు, మిగతా వాక్యం కుదురుగానే ఉంటుంది. ఇంగ్లిష్ మీదుగా వచ్చినవాళ్లు వాక్యమంతా విప్పి మళ్లీ పేర్చుకోవాలి. నేనే పాఠ్యపుస్తకం రాస్తే మొదటి వారంలోనే మారని క్రియారూపంతో చీటీలు, బోర్డులు చదివిస్తాను. రెండో వారంలో 'రేపు రైల్లో వెళ్లాలి' వంటివి పట్టకారులో పెట్టిస్తాను. అప్పుడు గానీ ఒంటి క్రియ వాక్యానికి రాను.

తెలుగు సాయం ఆగిపోయే చోటు కూడా చెప్పాలి. క్రియలు రెండు మూడు చివర్న పేరుకున్నప్పుడు వాటిలో వాటికి వరస ఏమిటి? 'ఒమ్‌దత్ ఇక్ హెత్ బూక్ ఖలేజన్ హెప్' అనవచ్చు, 'హెప్ ఖలేజన్' అని కూడా అనవచ్చు. రెండూ ఒప్పే. మొదటిదాన్ని ఆకుపచ్చ వరస, రెండోదాన్ని ఎరుపు వరస అంటారు. 1953లో అనీతా పావెల్స్ తన మాండలిక పరిశోధనలో పటం మీద ఆ రంగులు వాడింది, పేర్లు అలాగే నిలిచిపోయాయి. ఆకుపచ్చది మన 'చదివి ఉన్నాను'కు సరిజోడు కాబట్టి తెలుగువాళ్లు దాన్ని పట్టుకోవడం మేలు. కానీ 'చదవాలనుకుంటున్నాను' అనాలంటే ఆ వెసులుబాటు లేదనే చెప్పాలి. 'విల్ లేజన్' అంటారు, అనుకోవడం ముందు, చదవడం తర్వాత. క్రియలు మూడైతే ఇంకా చిక్కు. 'ఒమ్‌దత్ ఇక్ రవి సీత హెత్ హౌస్ జాఖ్ హెల్పన్ స్ఖిల్దరన్': సీత ఇంటికి రంగు వేయడానికి రవి సాయపడటం నేను చూశాను కాబట్టి. ముందు ముగ్గురు మనుషులూ వరసగా నిలబడతారు, తర్వాత మూడు క్రియలూ అదే వరసలో వస్తాయి: నేను, రవి, సీత, చూశాను, సాయపడటం, వేయడం. తెలుగులో క్రియలు లోపలి నుంచి బయటికి వస్తాయి, వేయడం, సాయపడటం, చూడటం అని. జర్మన్ కూడా మనలాగే చేస్తుంది. దగ్గరి చుట్టమైన డచ్ మాత్రం ఆ వరసను తిప్పేసింది. 1986లో బాఖ్, బ్రౌన్, మార్స్‌లెన్-విల్సన్ ఈ రెండు భాషలవాళ్లకు ఇలాంటి వాక్యాలు వినిపించి పరీక్షించారు. క్రియల దొంతర పెరిగేకొద్దీ జర్మన్ వాళ్లకన్నా డచ్ వాళ్లే తేలిగ్గా అర్థం చేసుకున్నారని తేలింది. మనకు మొదట్లో తల తిరిగినా ఆ వరసకు ఒక తర్కం ఉంది: ముందొచ్చిన మనిషికి ముందొచ్చిన క్రియ.

నామవాచకాల దగ్గర నేను ఎక్కువసేపు ఆగను. అక్కడ సూత్రం కన్నా జ్ఞాపకానిదే పెత్తనం. ప్రతి నామవాచకానికీ ముందు 'ద' గానీ 'హెత్' గానీ ఉంటుంది. ఇంచుమించు నాలుగింట మూడు వంతులు ద-మాటలే. బహువచనంలో అన్నీ 'ద'. చివర 'య' చేర్చి ముద్దుగా, చిన్నదిగా చెప్పే రూపాలన్నీ 'హెత్'. అందుకే అమ్మాయి అనే 'మెయ్‌శ' కూడా నపుంసక లింగమే. జర్మన్, డచ్ నేర్చుకునే ఇంగ్లిష్ వాళ్లు దీన్ని చూసి విస్తుపోతారు. అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది అని ఒకే క్రియతో చెప్పే మనం విస్తుపోనక్కర్లేదు. అమహద్వాచకం మనకు చిన్నయసూరి కాలం నుంచీ పరిచయం. విశేషణం చివర అకారం చేర్చాలా వద్దా అన్నది దీని మీదే ఆధారపడుతుంది: 'ఎన్ మోయ్ హౌస్', 'హెత్ మోయ హౌస్', 'ఎన్ మోయ స్తాత్'. ఒక అందమైన ఇల్లు, ఆ అందమైన ఇల్లు, ఒక అందమైన ఊరు. 'ఒక' ముందున్న హెత్-మాటకు మాత్రమే విశేషణం బోడిగా ఉంటుంది. డచ్ పిల్లలకే ఆరేడేళ్లు వచ్చేదాకా 'హెత్' పూర్తిగా పట్టుబడదు. కాబట్టి మాటను దాని 'ద'తోనో 'హెత్'తోనో కలిపి నేర్చుకోవడం తప్ప వేరే మార్గం లేదు.

విభక్తులు ఒకప్పుడుండేవి. 1934, 1947 అక్షరక్రమ సంస్కరణలతో రాతలోంచి కూడా దాదాపుగా తొలగిపోయాయి. హేగ్ నగరాన్ని వాళ్లు 'దెన్ హాఖ్' అనడంలో ఆ 'దెన్' పాత విభక్తి మిగులే. విచిత్రమేమంటే ఎవరూ మాట్లాడని ఒక తేడాను వ్యాకరణం తానే పుట్టించింది. 1584లో ఆమ్‌స్టర్‌డామ్ కవిమండలి ఒకటి మొదటి డచ్ వ్యాకరణాన్ని అచ్చు వేయించినప్పటి నుంచీ పండితులు లాటిన్ కొలతతో తమ భాషను సరిదిద్దాలని చూశారు. 1625లో క్రిస్తియాన్ వాన్ హ్యూలె, వాళ్లను అనడానికి 'హెన్', వాళ్లకు అనడానికి 'హన్' వాడాలని విధించాడు. నాలుగు వందల ఏళ్లయినా బడులు ఆ నియమాన్ని నేర్పుతూనే ఉన్నాయి, జనం తడబడుతూనే ఉన్నారు. 'ను'కూ 'కు'కూ తేడా సహజంగా పాటించే తెలుగువాళ్లకు మాత్రం ఇది వెంటనే అంటుకుంటుంది.

క్రియారూపాలు నిజానికి తేలిక. వర్తమానంలో మూడే రూపాలు: నేను 'వెర్క్', అతను 'వెర్క్త్', మేము 'వెర్కన్'. నువ్వు అనే 'యెయ్' క్రియ ముందుంటే తకారం ఉంటుంది, వెనక్కి వెళ్తే రాలిపోతుంది: 'యెయ్ వెర్క్త్', 'వెర్క్ యెయ్?' భూతకాలం కోసం పిల్లలకు ఒక పాత ఓడ పేరు నేర్పుతారు, 'కొఫ్‌స్ఖిప్'. ధాతువు చివర ఆ పేరులోని హల్లులూ, తకారమూ ఉంటే 'త', మిగిలినవాటికి 'ద' చేరుతుంది. అవన్నీ శ్వాసాలు, కచటతపలు అని చదువుకున్నవాళ్లకు ఓడతో పని లేదు. పరుషానికి పరుషం, సరళానికి సరళం. గసడదవాదేశం నేర్చిన నోటికి ఇది పరాయి ఊహ కాదు. మన మీరు-నువ్వులకు వాళ్ల 'ఉ'-'యెయ్' ఉన్నాయి. ఇప్పుడు ఆఫీసుల్లో, దుకాణాల్లో 'యెయ్' వాడకం ఎక్కువైంది. వయసులో పెద్దవాళ్లతో 'ఉ' అంటే ఎవరూ తప్పు పట్టరు.

కాదు, లేదు అని మనకు రెండున్నట్టే వాళ్లకు 'నీత్', 'ఖేన్' ఉన్నాయి, విభజన మాత్రం వేరు. ఏదో ఒక వస్తువు లేదన్నప్పుడు ఖేన్: 'ఇక్ హెప్ ఖేన్ తెయ్‌త్', నాకు టైము లేదు. ఫలానాదాన్ని అన్నప్పుడు నీత్, అదీ కర్మ తర్వాత: 'ఇక్ లేస్ హెత్ బూక్ నీత్', ఆ పుస్తకం చదవను. మనకు కొత్తగా అనిపించేది 'ఉంది' దగ్గర. తెలుగులో పుస్తకం బల్ల మీద ఉంది, సైకిల్ బయట ఉంది, కాఫీలో చక్కెర ఉంది. డచ్‌లో పుస్తకం పడుకుని ఉంటుంది (లిఖ్త్), సైకిల్ నిలబడి ఉంటుంది (స్తాత్), చక్కెర కాఫీలో కూర్చుని ఉంటుంది (జిత్). ప్రతి వస్తువు భంగిమనూ చూడమంటుంది ఈ భాష. బరువైన విభక్తి ప్రత్యయాలు పోయినా లో, లోకి తేడాను మాత్రం భద్రంగా దాచుకుంది. అడవిలో నడవడం 'ఇన్ హెత్ బొస్ లోపన్', అడవిలోకి నడవడం 'హెత్ బొస్ ఇన్ లోపన్'. రెండో దాంట్లో 'ఇన్' నామవాచకం వెనక్కి వచ్చింది, మన 'లోకి'లాగే. రాతలో ఇంకో మెట్టు ఎక్కుతుంది. 'హెత్ దోర్ మెయ్‌న్ మూదర్ ఖకోక్త ఏతన్' అంటే మా అమ్మ వండిన భోజనం. మాట్లాడేటప్పుడు నామవాచకం తర్వాత ఉపవాక్యం తెచ్చే డచ్, ప్రభుత్వ ఉత్తరాల్లో, పత్రికల్లో ఇలా 'వండిన' అనే మన పద్ధతికి వస్తుంది. ఇంగ్లిష్ వాళ్లు అలాంటి ఉత్తరాన్ని వెనక నుంచి ముందుకు చదువుకోవాలి. తెలుగువాళ్లు నేరుగా చదువుకుంటూ పోవచ్చు.

గడియారం దగ్గర మాత్రం జాగ్రత్త. 'హల్ఫ్ ద్రీ' అంటే అర, మూడు. మన చెవికి మూడున్నర అని వినిపిస్తుంది. వాళ్ల లెక్కలో అది మూడుకు సగం దారిలో ఉన్న వేళ, అంటే రెండున్నర. 'తీన్ వోర్ హల్ఫ్ ద్రీ' అంటే ఆ రెండున్నరకు పది నిమిషాల ముందు, రెండూ ఇరవై. డాక్టర్ అపాయింట్‌మెంట్ ఫోన్‌లో విన్నప్పుడు అంకెల్లో మళ్లీ అడిగి రాసుకోవాలి. అంకెల్లోనూ మెలిక ఉంది: ఇరవై ఐదును 'ఐదూ ఇరవై' అంటారు.

వ్యాకరణ పుస్తకాలు చివరి పేజీల్లోకి నెట్టేసేవి చిన్న చిన్న మాటలు. 1984లో వచ్చిన పెద్ద డచ్ వ్యాకరణం, 1997 నాటి దాని రెండో కూర్పు వాటికి చోటిచ్చాయి గానీ, ప్రారంభకుల పుస్తకాల్లో అవి చాలా ఆలస్యంగా వస్తాయి. ఇంగ్లిష్‌లో వాటికి సరైన మాట దొరక్కపోవడం అందుకు ఒక కారణం కావచ్చు. తెలుగులో దొరుకుతుంది. 'య కొమ్త్ తోఖ్?' అంటే 'వస్తావు కదా?' ఆ 'తోఖ్' దాదాపు ప్రతిచోటా మన 'కదా'నే. 'నే హోర్' అంటే 'లేదులే', ఎదుటివాడికి ఊరట ఇస్తూ కాదనడం. 'కొమ్ మార్ బిన్నన్' అన్నప్పుడు 'మార్' వల్ల 'లోపలికి రా' అన్న ఆజ్ఞ మెత్తబడి 'రా, రా, లోపలికొచ్చెయ్' అవుతుంది. 'వాఖ్త్ ఏవన్' అంటే 'కాస్త ఆగు'. ఈ నాలుగు మాటలూ మొదటి నెలలోనే నేర్చుకోవాలి. వీటిని అర్థం వెతికి నేర్చుకోనక్కర్లేదు. రొట్టెల దుకాణంలో ముందు నిలబడినవాళ్లు కొట్టువాడితో మాట్లాడేది పావుగంట వింటే, ఎక్కడ 'కదా' అంటామో, ఎక్కడ 'లే' అంటామో అక్కడే అవి వచ్చి పడుతుంటాయి.